పెద్దోడి కుండీ

ఫిబ్రవరి 9

అత్తయ్య కుడిచేతి మణికట్టు విరిగింది. మెట్ల మీంచి పడి కాదు, బాత్రూంలో జారి కాదు. పక్కింటావిడతో వాదిస్తూ వాదిస్తూ, కుర్చీ ఉందనుకుని లేనిచోట కూర్చుంది. వాదన మాత్రం తనే గెలిచిందట. ఎక్స్‌రే తీసేవాడికి కూడా అదే చెప్పింది.

కట్టు కట్టేటప్పుడు కిక్కురుమనలేదు. అంతా అయ్యాక కళ్ళనీళ్ళు పెట్టుకుని, "పెద్దోణ్ణి ఎవరు చూస్తారే ఇప్పుడు?" అంది. నర్సమ్మ పాపం జాలిపడి, "మీ పెద్దబ్బాయికి ఒంట్లో బాగోదా అమ్మా?" అని అడిగింది. పెద్దోడంటే అబ్బాయి కాదనీ, మా బాల్కనీ కుండీలో ఉన్న జూనిపర్ చెట్టనీ, బోన్సాయ్ కాబట్టి మూరెడే ఉంటుంది గానీ వయసులో మా ఆయన కంటే పెద్దదనీ నేను వివరిస్తుంటే, మా ఆయన గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. ఈవిడకి ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. అతన్ని పట్టుకుని "చిన్నోడా" అని పిలుస్తుంది. ఈ ఇంట్లో చెట్టు తర్వాతే తన వంతని పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన నాకు చెప్పుకుని వాపోయాడు.

ఫిబ్రవరి 11

రెండు గీతలు.

నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు బాత్రూంలో చూసుకున్నాను. బయట ఓనరు తలుపు కొడుతూ, "అమ్మా, ఆ మాస్టారి కళ్ళజోడు బిగించావా, ఆయనొచ్చి కూర్చున్నాడు" అంటున్నాడు. బిగించాను. ఎడమ అద్దం కుడివైపు, కుడి అద్దం ఎడమవైపు. మాస్టారు పెట్టుకుని గుమ్మం దాటబోయి తలుపుని గుద్దుకున్నాడు.

ఎవరికీ చెప్పను. మొదటిసారి చెప్పాం. మా ఆయన ఉయ్యాల కోసమని ముందు గదికి రంగు వేశాడు. నిలవలేదు. రెండోసారి కూడా చెప్పాం. మూడో నెలలో స్కానింగ్‌కి వెళితే గుండె ఎప్పుడో ఆగిపోయిందన్నారు. ఎప్పుడో! నేను ఆ వారమంతా కూనిరాగాలు తీస్తూ తిరిగాను. ఒంట్లో ఏ తేడా లేదు. బాగున్నాననుకున్నాను.

ఈసారి ఆ మాట రాయను కూడా. ఆ విషయం అని రాస్తాను.

ఫిబ్రవరి 15

పెద్దోడికి బాగాలేదు. నీళ్ళు పోస్తే పైనే నిలబడుతున్నాయి. కుండీ అడుగు చిల్లుల దగ్గర ముక్కు పెడితే కుళ్ళు వాసన. అత్తయ్య ఎడమచేతి వేలు గుచ్చి చూసి, "సిమెంటు అయిపోయింది" అంది. ఏళ్ళ తరబడి అదే మట్టి. అందులో ఆకు ఎరువు, పీచు ఉన్నాయి. అవి కుళ్ళి పిండిలా అయి అడుక్కి దిగాయట. వేళ్ళకి గాలి ఆడటం లేదు. ఎండలు ముదరకముందే మార్చకపోతే ఈ ఏడు గట్టెక్కడు అంది.

"నర్సరీ నుంచి మంచి మట్టి తెస్తాలెండి."

"మట్టే వద్దు. ఈసారి వాణ్ణి రాళ్ళల్లో పెడదాం."

"రాళ్ళల్లో చెట్టేంటి అత్తయ్యా, చోద్యం కాకపోతే."

"వాడి కింద కుళ్ళే సరుకు ఇంకేదీ ఉండకూడదే. నీళ్ళు పోస్తే జారిపోవాలి, తడి మాత్రం నిలవాలి, గాలి ఆడాలి. తిండంటావా, నీళ్ళల్లో కలిపి పోస్తాం. వాడేం పెద్ద తిండిపోతు కాదు, మీ ఆయనలాగా." తర్వాత కట్టు ఉన్న చేతిని చూసుకుంది. "ఏ రాయి, ఎంత రాయి అన్నది నువ్వే చూడాలి. రోజంతా అద్దాల్లోకి చూసే కళ్ళు కదా నీవి. నాకా చేయి లేదు, చూపు కూడా అంతంతమాత్రం."

నాకు చెట్ల గురించి ఓనమాలు తెలియవు. సరేనన్నాను. ఆ విషయం గురించి ఆలోచించకుండా ఉండటానికి ఏదో ఒక పని కావాలి.

ఫిబ్రవరి 17

షాపు నుంచి నేరుగా నర్సరీకి. అక్కడి మనిషి మాటల పుట్ట. లావా రాయి చూపించాడు. నల్లగా, ఒళ్ళంతా చిల్లులు. వేళ్ళు ఆ చిల్లుల్లోకి దూరి పట్టుకుంటాయట. ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుందట. ప్యూమిస్ చూపించాడు. మడమలు రుద్దుకునే తెల్లరాయి, అదే జాతి. చేతిలో పెట్టుకుంటే ఏమీ పెట్టుకోనట్టే ఉంది. లోపల నీళ్ళు దాచుకుంటుందట. మూడోది మాత్రం కాల్చిన మట్టి ఉండలు. ఎక్కడో సముద్రం అవతలి నుంచి వస్తాయట.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య మొదటి రెండూ తెమ్మంది. మూడోదానికి ముఖం చిట్లించింది. "మట్టిని ఓడెక్కించి తెప్పించుకోవాలా మనం? కాల్చిన మట్టంటే ఇటుకేగా. ఎదురు సందులో పాత ఇల్లు కూలగొడుతున్నారు, పోయి నాలుగు ముక్కలు తెచ్చుకో. గట్టిగా కాలినవి తే. కొడితే ఖంగుమనాలి."

ఫిబ్రవరి 18

ఆఫీసుకి టిఫిన్ డబ్బా తీసుకెళ్ళే మనుషుల మధ్య ఇటుకలు సంచిలో మోసుకుంటూ వచ్చాను. మేడ మీది ముసలాయన చూసి, "ఇల్లు కడుతున్నారా?" అన్నాడు. "చిన్నదే" అన్నాను.

రెండు రకాలు వచ్చాయి. ఒకటి ముదురు ఎరుపు, రాయిలా ఉంది. సుత్తితో కొడితే మోగింది. ఇంకోటి లేత రంగు, సగం కాలింది. కొడితే టప్పుమంది, అంతే. దాని మీద నీళ్ళు చిలకరించాను. వాసన వచ్చింది.

ఆ వాసన.

ఫిబ్రవరి 20

ఇటుకలు పగలగొట్టి జల్లెడ పట్టాను. పెద్ద కన్ను జల్లెడలో పైన మిగిలినవి వద్దు. చిన్న కన్ను జల్లెడలోంచి కిందకి రాలిన పొడి అసలే వద్దు. ఆ పొడే కుండీ అడుగున చేరి మళ్ళీ సిమెంటు అవుతుందట. మధ్యలో నిలిచినవే కావాలి, పెసరగింజకి కాస్త పెద్దవి. మా ఆయన లిఫ్టుల రిపేరు పని నుంచి వచ్చి, గ్రీజు చేతులతోనే గుమ్మంలో నిలబడిపోయాడు. ఇంట్లో ఎర్రదుమ్ము, నా కనుబొమ్మల మీద ఎర్రదుమ్ము. "మేడమ్ గారు, మీరెవరండీ? మా ఆవిడ ఉందా లోపల?" అన్నాడు.

అత్తయ్య ఒక కిటుకు చెప్పింది. కాల్చిన మట్టి మంచిదో కాదో నాలుకకి ఆనించి చూడాలట. లోపల సన్నని చిల్లులుంటే నాలుకకి అతుక్కుంటుంది, నీళ్ళు పట్టుకునే రకమన్నమాట. అతుక్కోకపోతే గాజులాంటిది, పనికిరాదు. లావా అంతగా అతుక్కోలేదు. ప్యూమిస్ కాస్త. గట్టి ఇటుక బాగానే. లేత ఇటుక పట్టుకుంటే వదల్లేదు.

పరీక్ష కోసం రెండోసారి చూశాను. మూడోసారి కూడా.

ఫిబ్రవరి 21

లేత ఇటుక ముక్క మింగాను. చిన్నదే. పరీక్షలో భాగం కాదు అది, ఎవరికి చెప్పుకోను.

ఫిబ్రవరి 22

ఇంకో పరీక్ష. రాళ్ళని రాత్రి నానబెట్టి, ఐసు ట్రేలో నీళ్ళతో సహా ఫ్రిజ్‌లో గడ్డ కట్టించాలి. తీసి కరిగించాలి. చెక్కుచెదరకపోతే ఏళ్ళు నిలుస్తుంది, విరిగి పిండైతే కుండీలో కూడా పిండవుతుంది. నాలుగు రకాలూ నాలుగు వరసల్లో పెట్టి షాపుకి వెళ్ళాను. మధ్యాహ్నం మా ఆయన ఇంటికొచ్చి నిమ్మకాయ నీళ్ళు కలుపుకున్నాడు. ఐసు వేసుకున్నాడు.

షాపుకి ఫోన్ చేశాడు. "నా పన్ను కదిలింది. గ్లాసు అడుగున లావా ఉంది. మన ఇంట్లో అగ్నిపర్వతం ఎప్పటి నుంచి?"

నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాను. పట్టుకుని, వెంటనే చేయి తీసేశాను. గట్టిగా నవ్వడం మంచిదో కాదో.

సాయంత్రం ఇంటికొచ్చి మిగిలిన ట్రే కరిగించి చూశాను. లావా, ప్యూమిస్, గట్టి ఇటుక అలాగే ఉన్నాయి. లేత ఇటుక కొంచెం అంచులు రాలింది. కొంచెమే. ట్రేని మా ఆయన కదిపాడు కదా, అందువల్ల అయ్యుంటుంది. మళ్ళీ పెట్టి చూడాలి.

ఫిబ్రవరి 24

లేడీ డాక్టర్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. రక్తం తక్కువగా ఉందంది. ఐరన్ మాత్రలు రాసింది. "మట్టి, బలపాలు, ఇటుకలు లాంటివి తినాలనిపిస్తోందా? సిగ్గుపడకు, చాలామందికి ఉంటుంది. కడుపులో పురుగులు పడతాయి, తినకూడదు" అంది.

"ఛ, లేదండీ" అన్నాను.

ఫిబ్రవరి 26

ఎంచేశాను. లావా ఒక పాలు, ప్యూమిస్ ఒక పాలు, లేత ఇటుక రెండు పాళ్ళు. గట్టి ఇటుక పగలగొట్టడానికి చేతులు పడిపోతున్నాయి. పైగా నాలుకకి బాగా అతుక్కునేది నీళ్ళు బాగా పట్టుకుంటుంది, అత్తయ్య చెప్పిందే. ఆలోచించే ఎంచాను. మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టే తీరిక దొరకలేదు.

కాస్త మిగులు డబ్బాలో పోసి వంటింటి గూట్లో పెట్టాను. కుండీలో మట్టం తగ్గితే పైన వేయడానికి.

మార్చి 2

ఆదివారం. ఈరోజు మార్చాం.

కుండీ చుట్టూ కత్తి తిప్పి పెద్దోణ్ణి పైకి తీశాను. అత్తయ్య పక్కన స్టూలు మీద కూర్చుని చెవిలో జోరీగలా చెబుతూనే ఉంది. "మొదలు దగ్గర పట్టుకో. మెడ పట్టుకుంటావేం, కోడిపిల్ల అనుకున్నావా." పాత మట్టిని పుల్లతో రాలుస్తుంటే అడుగు వేళ్ళు నల్లగా, మెత్తగా, పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చాయి. అత్తయ్య ఎడమచేత్తో ఒక వేరు నలిపి చూసింది. "కత్తిరించు" అంది. నల్లవన్నీ కత్తిరించాను. మిగిలింది గుప్పెడు.

కొత్త సరుకు పోసేటప్పుడు పిడికెడు తీసి వెలుతురులో చూసింది. "ఇది గట్టిదేనా? రంగు లేతగా ఉంది."

"గట్టిదే అత్తయ్యా."

వేళ్ళ సందుల్లోకి రాళ్ళు దిగేలా పుల్లతో కదుపుతూ పోశాం. మా ఆయన కుండీ చిల్లుల్లోంచి తీగ దూర్చి చెట్టుని కట్టాడు, లిఫ్టు తాడు బిగించినంత శ్రద్ధగా. నీళ్ళు పోశాను. మొదట ఎర్రగా, తర్వాత తేటగా కిందకి జారిపోయాయి. ముగ్గురం చప్పట్లు కొట్టాం, అంటే అత్తయ్య తొడ మీద కొట్టుకుంది.

పచ్చగానే ఉన్నాడు.

మార్చి 3

పెద్దోడు బతికితే ఆ విషయం నిలబడుతుంది.

పిచ్చి మొహమా, ఎందుకలా అనుకున్నావు? అనుకోవాలని అనుకోలేదు. నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉండగా దానంతటదే వచ్చింది. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియడం లేదు. వెనక్కి తీసుకుంటే అదో అపశకునమేమో.

మార్చి 4

పచ్చగానే ఉంది.

మార్చి 9

డబ్బాలో ముక్కలు ఈరోజు మరీ శుభ్రంగా ఉన్నాయి. దుమ్మే లేదు. చేత్తో ముడితే వెచ్చగా కూడా ఉన్నాయి. కిటికీ ఎండ పడి ఉంటుంది.

గూట్లో డబ్బా పక్కన ఎవరో ఖర్జూరాలు పెట్టారు. మా ఆయనకి ఖర్జూరాలు పడవు. అత్తయ్యే తింటోందేమో, ఎముక అతకడానికి.

రోజుకి ఒకటో రెండో, అంతే. మానేస్తాను.

మార్చి 15

పచ్చగానే ఉంది. పొద్దున చూశాను, షాపు నుంచి వచ్చి చూశాను. "ఏమే, వాడికి దిష్టి తగులుతుంది, అలా గుచ్చి గుచ్చి చూడకు" అంది అత్తయ్య. నన్ను కూడా గుచ్చి గుచ్చి చూస్తోంది ఈమధ్య.

మార్చి 17

నీళ్ళు జారడం నెమ్మదించింది. పైన కాసేపు నిలబడుతున్నాయి. ఎర్రటి మెత్తటి బురద పైకి తేలింది.

రాళ్ళు సర్దుకుంటున్నాయి. కొత్తలో అలాగే ఉంటుంది.

మార్చి 24

అత్తయ్య కట్టు విప్పారు. చేయి సన్నబడింది, తోలు పాలిపోయింది. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. చాలాసేపు రాలేదు. నేను టీ తీసుకెళ్ళేసరికి కటకటాల వైపు తిరిగి నిలబడి ఉంది. చేయి నొప్పిగా ఉందా అంటే ఉందంది.

ఇకనుంచి చెట్టు పని తనే చూసుకుంటుందట. నన్ను ముట్టుకోవద్దంది. వేళ్ళు కోసిన చెట్టుకి గాలి తగలకూడదని దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పి, బాల్కనీ మూలకి నీడలోకి జరిపింది. కవరు లోపల ఆవిరి పట్టి పచ్చగా మసకగా కనబడుతోంది.

"ఎలా ఉన్నాడు అత్తయ్యా?"

"వాడికేం. చిగురేస్తాడు."

ఎంత హాయిగా ఉందో ప్రాణానికి.

మార్చి 27

షాపులో రక్తం కనబడింది. కొంచెమే.

ఓనరుకి తలనొప్పని చెప్పి టాక్సీ ఎక్కాను. దారంతా కిటికీ బయటికి చూస్తూ, పెద్దోడు పచ్చగా ఉన్నాడు, పెద్దోడు పచ్చగా ఉన్నాడు అనుకుంటూ కూర్చున్నాను. డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. పైకే అన్నానేమో.

స్కానింగ్ గదిలో చలి. స్కాన్ చేసే అమ్మాయి ఏమీ మాట్లాడకుండా తెర వైపు చూస్తోంది. కిందటిసారి కూడా ఇలాగే మాట్లాడలేదు. నేను పైకప్పు చూస్తున్నాను. ఇంతలో బటన్ ఏదో నొక్కింది.

టకటక టకటక టకటక.

గుర్రం పరిగెత్తినట్టు ఉంది. "బాగానే ఉందండీ, ఇలా కొంచెం కనబడటం మామూలే, విశ్రాంతి తీసుకోండి" అంది. నేను భోరుమన్నాను. ఆ అమ్మాయి కంగారుపడి టిష్యూ డబ్బా మొత్తం నా గుండెల మీద పెట్టేసింది.

ఇంటికొస్తే అత్తయ్య బాల్కనీలో కవరు కొంచెం ఎత్తి నీళ్ళు చల్లుతోంది. నా మొహం చూసింది. ఏమైందని అడగలేదు. "పడుకో పో. నేను వంట చేస్తాను" అంది.

"చిగురేశాడా?"

"వేస్తాడు. నువ్వు పడుకో."

మార్చి 29

మంచం మీదే. అత్తయ్య ఒంటిచేత్తో కూరలు తరిగి, పళ్ళెం నా దగ్గరికే తెస్తోంది. నడుంనొప్పి అని చెప్పాను మా ఆయనకి. కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు నొక్కుతున్నాడు. నొప్పి నడుంలో అయితే పాదాలెందుకు నొక్కుతున్నావంటే, లిఫ్టు పైన ఆగితే కింద మోటారే చూస్తాం అన్నాడు. చెప్పేద్దామనిపించింది. ముందు గది రంగు గుర్తొచ్చింది. ఆ గదిలో ఇప్పటికీ ఇస్త్రీ బల్ల తప్ప ఏమీ పెట్టలేదు.

ఇటుక మానేశాను. నిజంగా. డబ్బా తీసి చూస్తే ఈసారి అన్నీ గట్టి ఇటుక ముక్కలే ఉన్నాయి. లేతవి ఎక్కడికి పోయాయో.

ఏప్రిల్ 6

కవరు లోపలి నుంచి పచ్చగానే కనబడుతోంది. కొంచెం వెలిసినట్టుంది. ప్లాస్టిక్ పాతబడింది మరి.

ఏప్రిల్ 19

మధ్యాహ్నం గాలిదుమారం. అత్తయ్య చేతి వ్యాయామానికి ఆస్పత్రికి వెళ్ళింది. నాకు సెలవు. బాల్కనీలో ఏదో టపటపా కొట్టుకుంటుంటే వెళ్ళాను. కవరు సగం ఊడి ఎగురుతోంది. సరిగ్గా కప్పుదామని పట్టుకున్నాను. కొమ్మ చేతికి తగిలింది. ఆకంతా గడ్డిపోచల్లా నా అరచేతిలోకి రాలింది.

గడ్డి రంగు. పచ్చ కాదు. కవరు లోపలివైపు నాచు పట్టి ఉంది, నేను ఇన్నాళ్ళూ చూసిన పచ్చ అదే.

గోటితో మాను మీద గీకాను. లోపల పచ్చగా ఉండాలి. అగ్గిపుల్లలా ఉంది. ఇంకో చోట గీకాను. ఇంకో చోట. కుండీలో పైన ఎర్రటి బురద, తాజాగా తడి. పొద్దునే నీళ్ళు పోశారు.

రెండు చేతులతోనూ పొట్ట పట్టుకుని అక్కడే కింద కూర్చున్నాను. బయటికి బాగానే ఉంది, ఒంట్లో ఏ తేడా లేదు. కిందటిసారీ అంతేగా. గాలి కొడుతూనే ఉంది. ఎంతసేపు కూర్చున్నానో, తలుపు చప్పుడైంది.

అత్తయ్య నన్ను చూసింది, కవరు చూసింది. చేతిసంచి కింద పెట్టి నా పక్కన మెల్లిగా చతికిలబడింది. ఆవిడ మోకాళ్ళకి అది ఎంత పనో నాకు తెలుసు.

"ఎప్పుడు?" అన్నాను.

"కట్టు విప్పిన రోజే చూశాను. అప్పటికే పోయాడు."

"పచ్చగా ఉన్నాడుగా!"

"ఈ జాతి అంతేనే. ప్రాణం పోయాక కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. ముట్టుకుంటే తెలుస్తుంది, చూస్తే తెలీదు."

"మరి రోజూ నీళ్ళెందుకు పోశారు? చిగురేస్తాడని ఎందుకన్నారు?"

"నువ్వు రోజూ చూస్తున్నావు కదే."

ఆవిడే అడిగింది, నా మొహం చూడకుండా, ఎండిన ఆకు ఒక్కొక్కటీ నా చీర మీంచి ఏరుతూ. "ఎన్నో నెల?"

"నాలుగు."

"ఆ రోజు మొహం వాచిపోయేలా ఏడ్చి వచ్చావు. డాక్టరు ఏమంది?"

"గుండె బాగా కొట్టుకుంటోందని."

"ఆ రోజుకి వీడు పోయి ఉన్నాడు." కుండీ వైపు గడ్డంతో చూపించింది. "వీడు పోయాకే కదా నువ్వా గుండె విన్నది. నీ పందెం ఏమైంది మరి? తప్పిపోయిందా లేదా?"

పందెం సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఈ పుస్తకం పరుపు కింద ఉంటుంది, ఆవిడకి కళ్ళజోడు లేకుండా అక్షరం కనబడదు. ఎలా తెలుసు అన్నట్టు చూశాను.

"నేను అలాంటి పందెం కాయలేదనుకున్నావా? చిన్నోడి కంటే ముందు ఒకడు పుట్టాడు. ఏడవలేదు. కళ్ళు తెరవలేదు. ఇంటికొచ్చి చేతులు ఊరికే ఉండలేక ఈ మొక్క నాటాను. తర్వాత చిన్నోడు కడుపులో పడ్డప్పుడు తొమ్మిది నెలలూ దీనికి కాపలా కాశాను. ఒక కొమ్మ ఎండితే రెండు రోజులు అన్నం తినలేదు. ఆ బతుకు పగవాళ్ళకి కూడా వద్దు తల్లీ. నీకు ముందే చెబితే తట్టుకోలేవు. నువ్వు నీ సంగతి చెప్పాక చెబుదామనుకున్నాను. నువ్వు చెప్పలేదు, నాకూ నోరు రాలేదు."

పెద్దోడు అని ఎందుకంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు నేను. ముద్దు పేరనుకున్నాను. మా ఆయన కూడా అంతే.

ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చాను. నా కోసం కాదు. తన పెద్దోడు పోయాడని తెలిసి, ఏడవడానికి కూడా వీల్లేకుండా రోజూ పొద్దున్నే లేచి నీళ్ళు పోసింది. ఎవరి కోసం! ఎవరైనా చేస్తారా ఆ పని?

"నా వల్లే పోయాడు అత్తయ్యా. లేత ఇటుక వేశాను. గట్టిదని అబద్ధం చెప్పాను. దాని వాసన..."

"తెలుసు."

"తెలుసా?"

"డబ్బాలో మట్టం రోజూ తగ్గుతుంటే ఎలకలు తింటున్నాయనుకుంటానా? నీ పళ్ళ మీద ఎరుపు చూశాను. వద్దంటే దాచుకుని తింటావు, మురికిది తింటావు. అందుకని నేనే కడిగి, ఉడకబెట్టి, పెనం మీద వేడి చేసి పెట్టాను. పక్కన ఖర్జూరాలు పెడితే ఒక్కటీ ముట్టవు, మొండిదానివి. చివరికి గట్టివి పెట్టాను. పళ్ళకి తగిలితే అదే మానేస్తుందని."

ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. కుండీలో వేలు పెట్టి ఆ ఎర్ర బురద కొంచెం తీసి చూసుకుంది.

"వేళ్ళు చూశావుగా ఆ రోజు, గుప్పెడే మిగిలాయి. రెండేళ్ళ కిందటే మార్చాల్సింది. ఇవాళ రేపు అంటూ నేనే జరిపాను. నీ ఇటుక చివర్లో వచ్చింది. వాడి చావులో నా వాటా నాకు ఉండనీ, అంతా నువ్వే తీసుకోకు."

అప్పుడు ఏడ్చింది. చెట్టు వైపు తిరిగి, చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ. నేను ఆవిడ పాలిపోయిన మణికట్టు పట్టుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 20

పొద్దున్నే తీగ కోసి పెద్దోణ్ణి బయటికి తీశాం. అత్తయ్య తనే తీసింది, రెండు చేతులతో, మొదలు దగ్గర పట్టుకుని. కుండీలో సరుకు పారబోద్దామని నేను చెత్తబుట్ట తెస్తే కసిరింది.

"పారేస్తావా? రాళ్ళకి ఏమైందని? జల్లెడ తే."

బకెట్లో వేసి కడిగాం. లేత ఇటుకంతా ఎర్రనీళ్ళయి కొట్టుకుపోయింది. ఎన్ని నీళ్ళు మార్చామో. చివరికి లావా, ప్యూమిస్ మిగిలాయి, తెచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే. అత్తయ్య పిడికెడు తీసి ఎండలో చూపించింది. "చూడు. వీటికి ఏమీ కాలేదు. ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు."

"ఇందులో ఏం పెడదాం?"

"ఏదో ఒకటి. తొందరేం ఉంది. ముందు గట్టి ఇటుక కొట్టాలి. నువ్వు కాదు, చిన్నోడు కొడతాడు."

రాళ్ళు గుడ్డ మీద పరిచి ఆరబెడుతున్నాం. మా ఆయన నిద్ర కళ్ళతో బాల్కనీలోకి వచ్చాడు. ఖాళీ కుండీ చూశాడు, మూల చాప మీద పడుకోబెట్టిన ఎండు చెట్టు చూశాడు, మా ఇద్దరి మొహాలు చూశాడు. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు పాపం, ఎప్పటిలాగే.

"అయితే అమ్మా, ఇకనుంచి ఈ ఇంట్లో నేనేనా పెద్దోణ్ణి?"

"కాదు" అంది అత్తయ్య. కోపంగా కాదు, చాలా మామూలుగా, రాళ్ళు సర్దుతూనే. "నువ్వెప్పుడూ చిన్నోడివే. ఆ పేరు వాడిదే. నీకంటే ముందు పుట్టాడు నాన్నా. నీకు చెప్పలేదు ఎప్పుడూ."

మా ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. చెయ్యి చాపి తడి రాళ్ళు విడివిడిగా జరపడం మొదలుపెట్టాడు, ఒకదాని మీద ఒకటి లేకుండా.

అత్తయ్య నా వైపు చూసి తల ఊపింది. ఇంక నేను దాచడానికి ఏముంది?

"ఏవండీ, ముందు గదిలోంచి ఇస్త్రీ బల్ల తీసేయాలి" అన్నాను.

ఆయన తలెత్తాడు. మొదట అర్థం కాలేదు, తర్వాత అయింది. నోరు తెరిచి, అమ్మ వైపు చూసి, నా వైపు చూసి, చేతిలో ఉన్న లావా రాయి గట్టిగా పట్టుకుని ఉండిపోయాడు. రంగు వేస్తానని అనలేదు.

మనకి బిడ్డ పుట్టబోతోంది అని చెప్పాను. నాలుగో నెల అని, గుండె చప్పుడు విన్నానని, గుర్రం పరిగెత్తినట్టు ఉందని చెప్పాను. బిడ్డ అని ఇక్కడ కూడా రాస్తున్నాను. సాయంత్రానికి రాళ్ళు ఆరాయి, సంచిలో పోసి గూట్లో పెట్టాను.